ఐదు పాయింట్ ఎనిమిది, పది నిమిషాలు

పీళమేడు, కోయంబత్తూరు
6 జూలై 2025, ఆదివారం

ఎనిమిదేళ్ల వయసులో నా చెయ్యి పట్టుకుని 'అ' దిద్దించిన తాతకు, యోగిత రాసేది.

ఫోన్ చేయకుండా ఉత్తరం రాసిందేమిటా అని మదురైలో మీరు కళ్లజోడు వెతుక్కుంటూ ఉంటారు. కారణం ఉంది. మన ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే, చదవగలిగేది మాత్రం మనమిద్దరమే. అమ్మ, నాయన చదువుకున్నది తమిళంలో. నేను ఈ కాగితాన్ని హాల్లో గోడకు అంటించినా ఎవరికీ ఒక్క ముక్క తెలియదు. ఫోన్లో మాట్లాడితే మాత్రం వంటింటి దాకా వినిపిస్తుంది.

అందుకే ముందుగా ఒక మాట. నాయనకు చెప్పొద్దు తాతా.

కంప్యూటరు లోపల లెక్కలన్నీ చేసే బిళ్లను ప్రాసెసర్ అంటారు. దాన్ని తయారుచేసినవాళ్లు ఇంతకు మించి పరుగెత్తవద్దని కట్టడి చేసి పంపుతారు. నా దానికి ఆ కట్టడి ఐదు పాయింట్ రెండు గిగాహెర్ట్జ్ దగ్గర. ఆ కట్టడి విప్పి పరుగెత్తించడమే ఓవర్‌క్లాకింగ్. వేగం పెంచితే దానికి వోల్టేజీ ఎక్కువ కావాలి. వోల్టేజీ పెంచితే వేడెక్కుతుంది. బాగా వేడెక్కితే తనంతట తానే ఆగిపోతుంది. నెల రోజులుగా నా తిండీ నిద్రా ఇదే. ఉద్యోగాల పరీక్షలకు చదువుతున్నానని నాయన అనుకుంటున్నారు.

సెప్టెంబరు 21న ఇక్కడ ఒక పోటీ ఉంది. ఐదు పాయింట్ ఎనిమిది వేగంతో, నిండు పని మీద, పది నిమిషాలు ఆగకుండా నడిపించాలి. అలా నడిపినవాళ్లలో అందరికంటే తక్కువ వేడితో నడిపినవాళ్లకు, పోటీ పెట్టే కంపెనీ తన టెస్టింగ్ ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తుంది. ఇదే పని, దానికి జీతం కూడా. తలచుకుంటేనే కాళ్లు నేల మీద ఆనడం లేదు.

నాయన గడువు మీకు తెలిసిందే. "ఆయుధపూజ వరకే చూస్తాను అమ్మిణీ. అప్పటికీ ఉద్యోగం రాకపోతే తిరుప్పూరుకు వచ్చి నా పక్క సీట్లో కూర్చో" అన్నారు. నాయన కంపెనీ బనియన్ల మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఆ సీట్లో కూర్చున్నవాళ్ల పని లారీ ఎక్కడిదాకా వచ్చిందని రోజంతా ఫోన్లో అరవడమే.

నిన్న ఐదు పాయింట్ నాలుగు దాకా వచ్చాను. వేడి తొంభై ఐదు డిగ్రీలు. భయమేసి ఆపేశాను. ఆండిపట్టి మిల్లులో నలభై ఏళ్లు స్పిన్నింగ్ మాస్టరుగా చేశారు మీరు. యంత్రాన్ని దాని వేగం దాటించి నడిపినవాళ్లు మన వంశంలో మీరొక్కరే. ఏం చేయమంటారు?

తిట్టకుండా దిద్దండి.
మీ యోగిత


పళంగానత్తం, మదురై
12 జూలై 2025

నా ఒకే ఒక్క శిష్యురాలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంతోషం కొద్దీ, రెండోసారి తప్పుల కోసం. పదకొండు ఉన్నాయి. ఎర్రసిరాతో దిద్ది ఇందులోనే తిప్పి పంపుతున్నాను. దాచుకో. ఒత్తులంటే నీకు పగ ఎందుకో తెలియదు.

నువ్వు చెప్పింది నాకు చక్కగా అర్థమైంది. మా మిల్లులో కదురు నిమిషానికి పద్నాలుగు వేల చుట్లు తిరగాలని కంపెనీ రాసి ఇచ్చింది. నేను కప్పీ మార్చి పదహారు వేలు తిప్పాను. యజమాని వచ్చి చూసి తల పట్టుకున్నాడు, నెలాఖరున నూలు చూసి చెయ్యి పట్టుకున్నాడు. కంపెనీవాడు రాసే అంకె వాడి భయాన్ని బట్టి ఉంటుంది. యంత్రానికి నిజంగా ఎంత చేతనవుతుందో దాని పక్కన నిలబడ్డవాడికే తెలుస్తుంది.

ఇక వేడి సంగతి. తొంభై ఐదుకే భయపడ్డావంటే నవ్వొచ్చింది. మా షెడ్డులో మధ్యాహ్నం తొంభై ఐదు ఉంటే ఆ రోజు చల్లగా ఉందనేవాళ్లం. మీ అవ్వకు చదివి వినిపించాను. "తొంబైయైదా? జ్వరమే లేదు గదా దానికి. ఏమిటికి బయపడుతుండాది బిడ్డ?" అంది. మనిషి ఒళ్లే తొంభై ఎనిమిది ఉంటుంది. నూటపది దాకా ధైర్యంగా పో. నేను చెబుతున్నాను.

రఘురామన్‌కు నేనెందుకు చెబుతాను? వాడు నా కొడుకే కానీ వాడికి యంత్రాలంటే ప్రేమ లేదు, ఆర్డర్లంటేనే ప్రేమ.

ఆశీస్సులతో,
కృష్ణస్వామి


పీళమేడు
20 జూలై 2025

నూటపది డిగ్రీల తాతకు,

మీ మాట విని వోల్టేజీ ఒక్క దెబ్బలో ఒకటి పాయింట్ నాలుగుకు పెంచాను. నలభై ఏళ్ల అనుభవం చెబుతుంటే నేనెవరిని? వేడి తొంభై ఏడు, తొంభై తొమ్మిది, నూరు. టక్కున తెర నల్లబడింది. అమ్మ వంటింట్లోంచి కరెంటు పోయిందా అని అడిగింది. పోయింది నా ప్రాణం.

గంట తర్వాత అది మళ్లీ లేచింది. అప్పుడు మీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. మనిషి ఒళ్లు తొంభై ఎనిమిది అన్న చోట ఆగాను. తాతా, మీరు చెప్పేది ఫారన్‌హీట్. మీ మిల్లు గోడ మీది థర్మామీటరు తెల్లవాళ్ల కాలంది. నాది సెల్సియస్. నా తొంభై ఐదులో ఇంకో ఐదు కలిస్తే సాంబారు మరుగుతుంది.

ఆ ఉత్తరం పట్టుకుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను. సరిగ్గా అప్పుడే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "ఎవురికి రాస్తుండావు? ఎవురు రాస్తుండారు? తాతా? తాత ఉత్తరానికి ఎవురైనా ఇట్ల నవ్వుతారా?" అంది. నేను ఏం చెప్పినా నమ్మే ముఖం కాదు అది. నా వయసు ఇరవై మూడు. అమ్మ లెక్క ఎటు పోతుందో మీకే తెలుసు.

ఇప్పుడు కొత్త ఉపాయం. ప్రాసెసర్ మీద రాగి దిమ్మ పెట్టి, చేపల తొట్టి మోటారుతో దాంట్లోకి ఐసు నీళ్లు తిప్పబోతున్నాను. మీ సలహా కావాలి. సెల్సియస్‌లో.

యోగిత


పళంగానత్తం
27 జూలై 2025

అమ్మిణీ,

తప్పు నాదే. మీ అవ్వ రెండు రోజులుగా నాకు కాఫీ ఇస్తూ ఇది ఏ డిగ్రీలో కావాలని అడుగుతోంది. నీ ఉత్తరంలో తప్పులు తొమ్మిది, నాది ఒక్కటే, కానీ నీ తొమ్మిదీ కలిపినా దానికి సాటిరావు.

ఈసారి నాకు బాగా తెలిసిన సంగతే చెబుతాను. వేగం పెంచినప్పుడు దారం తెగేది గాలి ఎండిపోవడం వల్ల. షెడ్డులో తేమ తగ్గకుండా నీళ్లు చిమ్మేవాళ్లం. నీ ఐసు నీళ్లు మంచి ఆలోచనే. దానితోపాటు గోనెసంచులు తడిపి కిటికీకి కట్టు. గది చెమర్చి చల్లబడుతుంది, యంత్రం శాంతిస్తుంది. ఈ మాటకు డిగ్రీల గొడవ లేదు.

నిన్న మీ నాయన ఫోన్ చేశాడు. "అమ్మిణికీ మీకూ నడుమ ఏమో నడుస్తుండాది. ఏమిటది నాయనా?" అన్నాడు. ఆయుధపూజ నాటికి నీకే తెలుస్తుంది పో అన్నాను. తర్వాత ఆ తెలుగు అక్షరాలు నేర్చుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. నీకైతే ఒక జన్మ పడుతుందన్నాను. ఫోన్ పెట్టేశాడు. మన రహస్యం భద్రం.

కృష్ణస్వామి


పీళమేడు
10 ఆగస్టు 2025

తాతా,

కూర్చుని చదవండి. అవ్వను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

గోనెసంచులు కట్టాను. బకెట్ నిండా ఐసు వేశాను. గది మేట్టుపాళయం దాటి కొండ ఎక్కినంత హాయిగా ఉంది. ఐదు పాయింట్ ఏడు. వేడి అరవై రెండే. నేను కుర్చీ ఎక్కి గంతులు వేశాను. ఐదు పాయింట్ ఎనిమిది పెట్టాను. రెండు నిమిషాలు. మూడు. అప్పుడు చూశాను, గొట్టాల మీద ముత్యాల్లాగా నీటి బొట్లు. గది నిండా మీ తేమ, గొట్టం నిండా నా ఐసు. ఎండాకాలం చల్లని సోడా సీసాకు చెమట పట్టినట్టు నా గొట్టాలకు పట్టింది. ఒక బొట్టు జారింది. నేను చెయ్యి చాచేలోపు బోర్డు మీద పడింది.

తాతా, అది చచ్చిపోయిందనుకున్నాను. నా దగ్గర ఉన్నది అదొక్కటే. నేలమీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ వచ్చి తడి గోనెసంచులు చూసింది, ఐసు బకెట్ చూసింది, నన్ను చూసింది. పక్కన కూర్చుని తల నిమిరింది. "వాడు వద్దంటే పోనీలే కణ్ణు" అంది. నాకు ఏడుపులో నవ్వు వచ్చి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. అమ్మ అది ఇంకా పెద్ద దుఃఖమనుకుంది.

నాలుగు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టాను. నిన్న మీట నొక్కితే బతికింది. ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను కాబట్టి దానికి ముద్దు పెట్టాను.

కానీ ఇక మీ మాట వినాలంటే భయంగా ఉంది. నిజం చెబుతున్నాను, కోపం తెచ్చుకోకండి. ఐసు లేకుండా వేడి ఆగదు, ఐసుంటే నీళ్లు పడతాయి. ఆరు వారాలే ఉంది. తిరుప్పూరు సీటు కళ్ల ముందు కనబడుతోంది.

నాయన కూడా విచిత్రంగా ఉన్నారు. రోజూ పొద్దున్నే వాకింగ్ అని పోతారు. చెమట పట్టకుండా తిరిగి వస్తారు. చొక్కా జేబుకు సుద్దముక్క మరక.

యోగిత


పళంగానత్తం
18 ఆగస్టు 2025

అమ్మిణీ,

కోపం ఎక్కడిది? సిగ్గుతో పడుతున్న బాధే చాలు. కార్తీక మాసం తెల్లవారుజామున మా మిల్లులో చల్లనీళ్ల గొట్టాలకు ఇలాగే నీరు పట్టి కింద నూలు తడిసేది. నలభై ఏళ్లు కళ్లతో చూసినవాణ్ణి నేనే, నీకు గోనెసంచి కట్టమన్నవాణ్ణీ నేనే. నీకు గొప్పగా కనిపించాలన్న తొందరలో మరిచిపోయాను. ముసలితనం అని తప్పించుకోను, అది గర్వం.

దీనితో ఒక పార్సెల్ వస్తుంది. జాగ్రత్తగా విప్పు. పలక మీద రెండు గాజు థర్మామీటర్లు ఉంటాయి. ఒకదాని అడుగున తడిగుడ్డ చుట్టి ఉంచాలి. రెండింటికీ మధ్య తేడా ఎంతో చూసి, కూడా పంపిన పట్టీలో వెతికితే, ఆ గదిలో ఎంత చలువ దగ్గర నీరు పడుతుందో తెలుస్తుంది. నీ గొట్టంలోని నీళ్లు ఆ అంకె కంటే రెండు డిగ్రీలు వెచ్చగానే ఉండాలి. పట్టీ మొత్తం సెల్సియస్‌లోకి మార్చి ఎర్రసిరాతో రాశాను. మూడు రోజులు పట్టింది. రిటైరైన రోజున మిల్లువాళ్లు ఏం కావాలని అడిగితే నేను అడిగి తెచ్చుకున్నది ఈ పలకే.

గోనెసంచులు తీసి పారేయి. గది పొడిగా ఉండాలి. ఏసీ వేసి తలుపు మూసి ఉంచు. మా షెడ్డులో తలుపు దగ్గరే ఒక మనిషిని నిలబెట్టేవాళ్లం, పదే పదే తెరవనివ్వకుండా. బయటి గాలి వచ్చిందంటే లోపలి లెక్కంతా పోతుంది.

ఇంకొక్క మాట. దారం తెగితే కొత్తగా వచ్చిన మాస్టరు బిగువు పెంచుతాడు, అది ఇంకా తెగుతుంది. నేను బిగువు తగ్గించుకుంటూ పోయేవాణ్ణి, ఇక ఇంతకంటే తగ్గిస్తే నిలవదు అన్న చోటు దొరికేదాకా. అక్కడి నుంచి ఒక్క వెంట్రుకవాసి పైకి. నువ్వు ప్రతిసారీ వోల్టేజీ పెంచుతున్నావు. తగ్గించి చూశావా?

ఈ సలహా పనిచేయకపోతే నాకు ఇక రాయవద్దు, అవ్వకు రాయి. ఆమెకు ఉన్న తెలివి చాలు.

మీ నాయన వాకింగ్ సంగతి మంచిదే. పొట్ట తగ్గుతుంది.

కృష్ణస్వామి


పీళమేడు
8 సెప్టెంబరు 2025

తాతా తాతా తాతా,

తగ్గించాను. ఒకటి పాయింట్ మూడు ఆరు వోల్టులు. వోల్టేజీ తగ్గితే వేడి తగ్గింది, వేడి తగ్గేసరికి ఆ కాస్త వోల్టేజీతోనే ఐదు పాయింట్ ఎనిమిది నిలబడింది. పద్నాలుగు డిగ్రీల నీళ్లు, గొట్టాలు ఎండుగా ఉన్నాయి. డెబ్బై తొమ్మిది దగ్గర వేడి కదలడం లేదు. పది నిమిషాలు! వరసగా మూడుసార్లు!

మూడు నెలల నుంచి అన్నీ నేనే ఎక్కువగా పోస్తున్నాను. అదే తప్పు. ఇంటర్నెట్లో ఇంతమంది చెప్పినా తలకెక్కనిది మీ దారంతో ఎక్కింది.

మీ పలక నా బల్ల మీద ఉంది. నాయన వచ్చి దాన్ని చాలాసేపు చూశారు. "ఇది మా నాయన మిల్లుది" అన్నారు. దాని మీది దుమ్ము తుడిచి వెళ్లిపోయారు.

ఈ ఉత్తరంలో తప్పులు వెతకొద్దు, మళ్లీ చదవకుండానే పోస్టు చేస్తున్నాను.

యోగిత


పీళమేడు
22 సెప్టెంబరు 2025

తాతకు, అవ్వకు,

ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు చివరి పేజీ తిప్పి చూస్తారు. గెలిచాను. ఉద్యోగం నాదే. ఇప్పుడు మొదటి నుంచి చదవండి.

నిన్న పొద్దున నాయన వాకింగ్‌కు పోయాక కంప్యూటరు, ఐసు పెట్టె, మీ పలక ఆటోలో వేసుకుని పోయాను. హాల్లో పద్నాలుగు మంది. నేనొక్కదాన్నే ఆడపిల్లను, తడిగుడ్డ థర్మామీటరు తెచ్చినదాన్నీ నేనొక్కదాన్నే. పక్కవాడు దాన్ని చూసి జ్వరం చూడటానికా అని అడిగాడు.

నా వంతు వచ్చింది. పలక చూసి పట్టీలో వెతికితే పన్నెండు వచ్చింది. నీళ్లు పద్నాలుగు దగ్గర పెట్టి మొదలుపెట్టాను. ఐదు నిమిషాలు అనుకున్నట్టే నడిచింది. ఆరో నిమిషంలో బయట వాన పట్టుకుంది. టీలు తెచ్చేవాళ్లు వెనక తలుపు బార్లా తెరిచి లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. తడిగాలి నా మెడకు తగిలింది. తడిగుడ్డ థర్మామీటరులో గీత పైకి పాకుతోంది. గొట్టం మీద వేలు పెడితే చెమ్మ తగిలింది. నేను లేస్తే పోటీలోంచి తీసేస్తారు. అరిస్తే ఎవరు వింటారు? అక్కడికి అయిపోయిందనుకున్నాను తాతా. బొట్టు పడబోయే చోటనే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక మనిషి లేచాడు. పోయి తలుపు మూశాడు. దానికి వీపు ఆనించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టీలవాళ్లు పక్కకు జరగమంటే, "పది నిమిషాలు ఆగండప్పా. బయటి గాలి వచ్చిందంటే లోపలి లెక్కంతా పోతుంది" అన్నాడు.

నాయన.

ఆయన లేచిన కుర్చీ పక్కన అమ్మ, ఒళ్లో టిఫిన్ డబ్బాతో. నేను ఎవరినో కలవడానికి పోతున్నానని అమ్మ అనుకుని, వీధి చివర నాయనను పిలుచుకుని ఆటో వెనకే వచ్చిందట. ఇంతమంది మగపిల్లల్లో ఎవడు అని ఇప్పటికీ వెతుకుతోంది.

ఏసీకి మళ్లీ బలం వచ్చింది. గీత దిగింది. పది నిమిషాలు అయ్యాయి. డెబ్బై ఎనిమిది డిగ్రీలు. రెండో స్థానం వచ్చిన అతనిది ఎనభై నాలుగు. నాయన తలుపు వదిలి వచ్చి ఐసు పెట్టె మోశారు. ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నారు.

మీరు చెప్పారా తాతా? తలుపు మాట నాకు మీరు రాసిందే. ఒక్క అక్షరం పొల్లు పోకుండా ఆయన నోట ఎలా వచ్చింది? నిజం చెప్పండి.

యోగిత


పీళమేడు
1 అక్టోబరు 2025, ఆయుధపూజ

నాయనకు,

మీ కొడుకు రఘురామన్ రాసేది. ఇది నా మొదటి తెలుగు ఉత్తరం. రెండు రోజులుగా రాస్తున్నాను. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది పంపండి, అమ్మిణికి దిద్దినట్టే.

మీరు చెప్పారని అమ్మిణి అనుకుంటోంది. మీరు చెప్పలేదు. మన వీధి చివర లక్ష్మియమ్మాళ్ అని భజన పాటలు తెలుగులో చూసి పాడే పెద్దామె ఉంది. వాకింగ్ అని చెప్పి రోజూ ఆమె దగ్గరికి పోయాను. పలక, సుద్దముక్క. యాభై మూడేళ్ల వయసులో 'అ' దిద్దాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, బెత్తం చూపించింది.

అమ్మిణి గదిలో మీరు దిద్ది పంపిన ఉత్తరాలు, మీరు రాసినవి అన్నీ ఒకే సొరుగులో ఉన్నాయి. బిడ్డ ఉత్తరాలు తెరవడం తప్పే. వాళ్లమ్మ మాలిని రోజూ ఏడుస్తుంటే, ఏం ఆపదో అని తీశాను. కూడబలుక్కుని నేను పూర్తిగా చదివిన మొదటి వాక్యం, నాయనకు చెప్పొద్దు తాతా. అది చదవడానికి నాకు పావుగంట పట్టింది.

మిగిలినవి చదివేటప్పుడు మాత్రం నవ్వు ఆగలేదు. మీ నూటపది డిగ్రీల సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పను. గోనెసంచుల సంగతి చెబుతాను.

నా చిన్నతనంలో మీరు మూడు షిఫ్టులూ మిల్లులోనే ఉండేవారు. నాకు నేర్పడానికి మీకు పొద్దు లేకపోయింది. నాకు యంత్రాలంటే ప్రేమ లేదని రాశారు. మీ యంత్రం మీద నాకు ఈర్ష్య ఉండేది నాయనా. తలుపు దగ్గర నిలబడ్డ ఆ కాసేపు అది పోయింది.

ఈ రోజు తిరుప్పూరులో మిషన్లన్నిటికీ చందనం, కుంకుమ పెట్టి వచ్చాను. ఇంట్లో అమ్మిణి కంప్యూటరుకు కూడా పెట్టాను. పైన మాత్రమే. లోపల పెట్టబోతే కేకలేసింది. పక్కన మీ పలకకు కూడా ఒక బొట్టు. ఈ రోజు దానికి విశ్రాంతి. వచ్చే సోమవారం ఆమె ల్యాబ్‌కు పోతుంది. నా పక్క సీటు ఖాళీగానే ఉంటుంది, అందులో టిఫిన్ డబ్బా పెట్టుకుంటాను.

ఒక జన్మ పడుతుందని చెప్పారు. తొమ్మిది వారాలు పట్టింది.

అమ్మిణికి ఒక మాట చెప్పండి. ఇక మీదట ఏదైనా దాచాలంటే వేరే భాష వెతుక్కోమనండి. నాకు మాత్రం ఇదే లిపిలో రాయండి. మీ చేతి ఉత్తరం నా పేరుతో ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

రఘురామన్